ఎర్త్ వస్తలేదన్నా!

ట్రాక్టరు వెనక ట్రాలీకి లైటు వెలగకపోతే అందరూ బల్బును తిడతారు. దోషం చాలాసార్లు బల్బులో ఉండదు. దిల్‌సుఖ్‌నగర్ నుంచి ఎల్‌బీ నగర్ మీదుగా ఊళ్లకు పోయే చీకటి బండ్ల కథ ఇది.

వినాయక నిమజ్జనం రాత్రి సరూర్‌నగర్ చెరువు వైపు వెళ్లే ట్రాక్టర్లను ముందు నుంచి అందరూ చూస్తారు. ఒక్కసారి వెనక నుంచి చూడండి. విగ్రహం చుట్టూ ఎల్‌ఈడీ దండలు, డీజే పెట్టెల మీద గిరగిరా తిరిగే రంగు లైట్లు, వాటన్నిటికీ కరెంటిచ్చే జనరేటరు. ట్రాలీ వెనక తలుపు, అదే డాలా, కింద రెండు మూలల్లో ఉండాల్సిన ఎర్ర లైట్లు మాత్రం కనపడవు. కనపడినా వెలగవు. ఊరేగింపులో ఆ లోటు ఎవరికీ తెలియదు, ఎందుకంటే చుట్టూ వెలుగే. నిమజ్జనం అయ్యాక జనరేటరు ఆపేస్తారు, దండలు విప్పేస్తారు. ఖాళీ ట్రాలీ అర్ధరాత్రి దాటాక సాగర్ రోడ్డు మీద ఊరికి బయల్దేరుతుంది. అసలు ప్రమాదం ఆ తిరుగు ప్రయాణంలో ఉంది.

పండగ ఏడాదికోసారి. మిగతా రోజుల్లో కూడా ఇదే వరస. ఎండాకాలంలో హస్తినాపురం, బీఎన్ రెడ్డి నగర్ కాలనీలకు తెల్లవారుజామున వచ్చే నీళ్ల ట్యాంకర్లలో చాలావాటిని లాగేది ట్రాక్టరే. స్లాబు వేసే రోజు కాంక్రీటు కలిపే మిల్లరును ట్రాక్టరుకో, మినీ లారీకో తగిలించి తీసుకొస్తారు. దానికి లైటు పెట్టాలన్న ఆలోచన కూడా ఎవరికీ రాదు. ఫంక్షన్ హాళ్లకు జనరేటర్ ట్రాలీలు, తబేలాలకు వరిగడ్డి, అపార్టుమెంట్లకు ఇసుక, కంకర. ఎల్‌బీ నగర్ కూడలిలో పైన 2018 సెప్టెంబరు 24 నుంచి మెట్రో ఆగుతోంది, కింద ఈ బండ్లన్నీ ఎవరి దారిన వాళ్లు చీలిపోతాయి. తూర్పుకు విజయవాడ రహదారి, ఒకప్పుడు 9వ నంబరు, ఇప్పుడు 65. ఆగ్నేయంగా ఇబ్రహీంపట్నం మీదుగా సాగర్ రోడ్డు. ఉత్తరాన నాగోలు, ఉప్పల్. పడమరకు చైతన్యపురి, దిల్‌సుఖ్‌నగర్. భారీ వాహనాలకు పగటిపూట నగరంలో ఆంక్షలు కాబట్టి కంటైనర్ ట్రైలర్లు పెద్ద అంబర్‌పేట దగ్గర అవుటర్ రింగు రోడ్డు దిగి లోపలికి వచ్చేది కూడా రాత్రే. అంటే వెనక లైటు అవసరమయ్యే వేళకే ఈ బండ్లు రోడ్డెక్కుతాయి.

చట్టం ఏమంటుందో ముందు చూద్దాం. మోటారు వాహనాల చట్టం, 1988 ప్రకారం ట్రైలరు కూడా వాహనమే. లాగేది ఇంకొకటి అయినంత మాత్రాన దాని బాధ్యత తీరిపోదు. కేంద్ర మోటారు వాహనాల నిబంధనలు, 1989లోని 105వ నిబంధన ప్రకారం సూర్యాస్తమయమైన అరగంట నుంచీ, వెలుతురు చాలని ఏ వేళైనా, బండికి దీపాలు వెలగాలి. వెనక ఎర్ర దీపం 155 మీటర్ల దూరం నుంచి కనపడాలి. నంబరు ప్లేటు మీద తెల్ల దీపం పడి, 15 మీటర్ల దూరం నుంచి చదవగలిగేలా ఉండాలి. ఆ నంబరు ట్రైలరు వెనక కూడా ఉండాల్సిందే.

ఈ 155 మీటర్లు ఎందుకో లెక్క వేస్తే తెలుస్తుంది. హయత్‌నగర్ దాటాక కారు 80 కిలోమీటర్ల వేగంతో పోతోంది, ముందు ట్రాలీ 20తో నడుస్తోంది అనుకుందాం. తేడా గంటకు 60 కిలోమీటర్లు, అంటే సెకనుకు దాదాపు 17 మీటర్లు. ఎర్ర లైటు 155 మీటర్ల నుంచి కనపడితే కారు నడిపేవాడి చేతిలో తొమ్మిది సెకన్లుంటాయి. లైటు లేక, హెడ్‌లైటు వెలుగులో 30 మీటర్ల దగ్గర డాలా ప్రత్యక్షమైతే రెండు సెకన్లు కూడా మిగలవు. చూసి, అర్థం చేసుకుని, కాలు బ్రేకు మీదికి పోయేసరికే అందులో సగానికి పైగా ఖర్చయిపోతుంది. కేంద్ర రవాణా శాఖ లెక్కల ప్రకారం 2022లో దేశంలో రోడ్డు ప్రమాదాల్లో 1,68,491 మంది చనిపోయారు. ప్రమాదాల తీరును బట్టి చేసిన విభజనలో వెనక నుంచి ఢీకొట్టడానిదే పెద్ద వాటా.

పిన్ను గుంజనీకే ఉంది

వనస్థలిపురం పక్కన, హరిణ వనస్థలి జాతీయ పార్కుకు ఆనుకున్నట్టుగా ఆటోనగర్ ఉంది. ఒకప్పుడు నిజాం వేటాడిన అడవిలో ఇప్పుడు కృష్ణజింకలు తిరుగుతుంటే, రోడ్డుకు ఇవతల లారీలు, ట్రైలర్లు బానెట్లు ఎత్తుకుని నిలబడి ఉంటాయి. అక్కడ గాని, సాగర్ రోడ్డు పొడవునా ఉన్న చిన్న షాపుల్లో గాని, ఆటో ఎలక్ట్రీషియన్ ముందు బండి ఆపిన ట్రాక్టర్ డ్రైవరుతో సాగే మాటలు దాదాపు ఇలాగే ఉంటాయి.

"అన్నా, ట్రాలీ లైట్లు వస్తలేవు. నిన్ననే రెండు బల్బులు మార్చిన."

"బల్బులు మార్చినవ్ సరే. ఎర్త్ చూసినవా?"

"హుక్కు పిన్ను ఉంది గద అన్నా, ఎర్త్ దాంట్లకెంచే వస్తది."

"పిన్ను బండి గుంజనీకే ఉంది తమ్మీ. కరెంటు గుంజనీకి గాదు."

నా దృష్టిలో ఈ సమస్య మొత్తానికి ఇంతకన్నా మంచి వివరణ లేదు. బ్యాటరీ ప్లస్ నుంచి బయల్దేరిన కరెంటు బల్బు వెలిగించి ఊరుకోదు. అది బ్యాటరీ మైనస్‌కు తిరిగి రావాలి. దిల్‌సుఖ్‌నగర్ డిపో నుంచి పొద్దున పోయిన బస్సులు రాత్రికి డిపోకు రాకపోతే మర్నాడు సర్వీసు ఉండదు, ఇదీ అంతే. పోయే దారికి వైరు ఉంటుంది, ఫ్యూజు ఉంటుంది, స్విచ్చు ఉంటుంది. తిరిగొచ్చే దారికి, అంటే ఎర్త్‌కు, ట్రాక్టరులోనైతే ఇనుప బాడీయే ఆధారం. ట్రాలీ దగ్గరికి వచ్చేసరికి ఆ ఇనుము తెగిపోతుంది. రెండు బండ్ల మధ్య ఇనుముకు ఇనుము తగిలే చోటు ఒక్కటే: హుక్కులో పిన్ను. దానికి గ్రీజు పూస్తారు. గ్రీజు మీద దుమ్ము, దుమ్ము కింద తుప్పు. బండి లాగుతున్నప్పుడు పిన్ను ఒక పక్కకు బిగుసుకుంటుంది, బ్రేకు వేస్తే వదులవుతుంది. అందుకే కొన్ని ట్రాలీలకు లైట్లు గుంత వచ్చినప్పుడల్లా ఆరి వెలుగుతాయి. ఆపి చూస్తే బ్రహ్మాండంగా ఉంటాయి. డ్రైవరు "ఇప్పుడే మంచిగున్నయి గదా" అని ఆశ్చర్యపోతాడు.

మందు చవకైనదే. ట్రాలీ చాసిస్ నుంచి ట్రాక్టరు ఎర్త్ దాకా విడిగా ఒక వైరు లాగాలి. చివర లగ్గు వేసి, చాసిస్ మీద పెయింటు, తుప్పు ఉప్పుకాగితంతో మెరిసేదాకా గీకి, బోల్టు బిగించి, పైన వాజ్‌లైన్ రాయాలి. ఎర్త్ వైరు సన్నగా ఉంటే పని జరగదు. 12 వోల్టుల ట్రాలీలో రెండు టెయిల్ లైట్లకు 10 వాట్లు, నంబరు ప్లేటుకు 5, రెండు బ్రేకు లైట్లకు 42, ఒక ఇండికేటరుకు 21. అన్నీ కలిసి వెలిగిన క్షణంలో 78 వాట్లు, అంటే ఆరున్నర ఆంపియర్లు. పోయేటప్పుడు నాలుగైదు వైర్లలో పంచుకుని పోయిన ఈ కరెంటంతా వచ్చేటప్పుడు ఒక్క ఎర్త్ గుండానే రావాలి. ఒక్కో లైటుకు 1.5 చదరపు మిల్లీమీటర్ల వైరు చాలు, ఎర్త్‌కు మాత్రం 2.5 తప్పనిసరి అనుకోవాలి. మన షాపుల్లో తరచు దీనికి తలకిందులుగా జరుగుతుంది. మంచి వైరంతా లైట్లకు పోయి, మిగిలిన ముక్క ఎర్త్ అవుతుంది.

లెఫ్ట్ వేస్తే టెయిల్ లైటు మిణుకుతుందేం?

ఎర్త్ పోయిందని చెప్పే లక్షణాల్లో విచిత్రమైనది ఇదే. ఎడమ ఇండికేటర్ వేస్తే అది సరిగా వెలగదు, దాని బదులు టెయిల్ లైట్లు మిణుకు మిణుకుమంటాయి. బ్రేకు తొక్కితే ఇండికేటర్లు మసకగా వెలుగుతాయి. డ్రైవర్లు దీన్ని "వైర్లు కలిసిపోయినయి" అంటారు. వైర్లు కలవలేదు. తిరిగిపోయే దారి మూసుకుపోయేసరికి కరెంటు ఇంకో దారి వెతుక్కుంది. ఎడమ ఇండికేటర్ బల్బులోంచి వచ్చిన కరెంటు, పక్కనే అదే ఎర్త్‌కు కట్టి ఉన్న టెయిల్ బల్బులోకి వెనక నుంచి దూరి, ఆ వైరు వెంట ట్రాక్టరు దాకా వెనక్కి పోయి, ట్రాక్టరు సొంత టెయిల్ బల్బు గుండా బాడీకి చేరుతుంది. 21 వాట్ల ఫిలమెంటు, 5 వాట్ల ఫిలమెంటు ఒకదాని వెనక ఒకటి వరసలో పడితే వోల్టేజీలో ఎక్కువ భాగం చిన్నదే తీసుకుంటుంది. పెద్దది చీకటిగానే ఉంటుంది, చిన్నది వెలుగుతుంది. అందుకే వేసింది ఒకటి, వెలిగింది ఇంకొకటి.

పరీక్ష అర నిమిషం పని. పొడవాటి వైరు ఒకటి తీసుకుని ఒక కొస ట్రాక్టరు బ్యాటరీ మైనస్‌కు, ఇంకో కొస ట్రాలీ లైటు బాడీకి తాకించాలి. అన్నీ సర్దుకుని వెలిగాయంటే దోషం ఎర్త్‌దే. ఇక బల్బులు, స్విచ్చులు, ఫ్లాషర్లు విప్పనక్కర్లేదు. ప్లస్ కొసను మాత్రం ఈ పరీక్షకు వాడొద్దు. బాడీకి తగిలితే నిప్పులే.

ఎర్త్ బాగుండి ఒక్క లైటే రాకపోతే అప్పుడు బల్బు చూడాలి. అన్నీ ఒకేసారి పోతే ప్లగ్గు గాని, ఫ్యూజు గాని, ఎర్త్ గాని. ఇండికేటర్ హడావిడిగా టకటకా కొట్టుకుంటుంటే ఆ పక్క ఒక బల్బు పోయిందనో, 21 వాట్ల చోట ఎల్‌ఈడీ పెట్టారనో అర్థం. ఎల్‌ఈడీ తాగే కరెంటు చాలక ఫ్లాషరు బల్బు పోయిందని పొరపడుతుంది. బ్రేకు తొక్కితే మీటరు బోర్డు దీపం, నంబరు ప్లేటు దీపం కూడా వెలిగితే ఎవరో డబుల్ కాంటాక్ట్ హోల్డరులో సింగిల్ కాంటాక్ట్ బల్బు గుచ్చారు. డబుల్ కాంటాక్ట్ బల్బు అడుగున రెండు చుక్కలుంటాయి, ఒకటి 5 వాట్ల టెయిల్‌కు, ఒకటి 21 వాట్ల బ్రేకుకు. పక్కనున్న రెండు మేకులు ఎత్తు తేడాగా ఉంటాయి, తిప్పి పెట్టకూడదనే. సింగిల్ బల్బు అడుగున ఒకటే పెద్ద చుక్క. అది రెండు కాంటాక్టులనూ కలిపేస్తుంది.

ఫ్యూజు మాటిమాటికీ ఎగిరిపోతుంటే వైరు ఎక్కడో బాడీకి తగులుతోంది. లైట్లు వేయగానే ఎగిరితే సరే, ఎక్కడైనా ఉండొచ్చు. మలుపు తిప్పినప్పుడే ఎగిరితే మాత్రం హుక్కు దగ్గర చూడాలి. వైరు అక్కడ నలిగి ఉంటుంది. టిప్పింగ్ ట్రాలీ అయితే ఎత్తినప్పుడు తొట్టికీ చాసిస్‌కూ మధ్య తెగుతుంది, వైరుకు అక్కడ కాస్త వదులు ఇవ్వకపోవడం వల్ల. ఎగిరిన ఫ్యూజు స్థానంలో సిగరెట్ పెట్టెలోని వెండి కాగితం, రాగి తీగ చుట్టే అలవాటు మనకు ఇంకా పోలేదు. ఫ్యూజు కాలకుండా చేస్తే కాలేది వైరింగు. వరిగడ్డి లోడు కింద వైరు కాలితే ఏమవుతుందో చెప్పక్కర్లేదు.

మీటరు 12 చూపిస్తుంది, బల్బు వెలగదు

ఈ మధ్య కుర్ర మెకానిక్కుల జేబుల్లో డిజిటల్ మల్టీమీటర్లు వచ్చాయి. సంతోషమే. కానీ పాత మెకానిక్కు చేతిలో రెండు వైర్ల కొసలకు కట్టిన బల్బు, అదే టెస్ట్ ల్యాంపు, ఈ పనికి మీటరు కన్నా నిజం చెబుతుంది. కారణం ఉంది. వైరు లోపల రాగికి పచ్చగా చిలుం పట్టి, ఇరవై పోగుల్లో ఒక్క పోగు మిగిలినా మీటరు 12 వోల్టులు చూపిస్తుంది, ఎందుకంటే మీటరు తాగే కరెంటు లేనట్టే. ఆ వైరుకే 21 వాట్ల బల్బు పెడితే దాదాపు రెండు ఆంపియర్లు లాగుతుంది. ఆ ఒక్క పోగు అంత మోయలేదు, వోల్టేజీ దారిలోనే పడిపోతుంది. అందుకే మీటరుతో చూడాలనుకుంటే బల్బు వెలుగుతుండగా, లోడు మీద ఉండగా చూడాలి. బ్యాటరీ దగ్గర ఎంతుందో, బల్బు దగ్గర ఎంతుందో; తేడా అర వోల్టు లోపు ఉంటే మంచిది. ఎర్త్ వైపు కూడా అలాగే: లైటు బాడీకీ బ్యాటరీ మైనస్‌కూ మధ్య మీటరు పెడితే దాదాపు సున్నా రావాలి. అక్కడ రెండో మూడో వోల్టులు కనిపిస్తే ఎర్త్ దొంగ దొరికినట్టే.

వోల్టేజీ కొంచెం తగ్గితే ఏం పోతుంది అనుకోవద్దు. ఫిలమెంటు బల్బు స్వభావం వేరు. వోల్టేజీ సగమైతే వెలుగు సగం కాదు, పదో వంతుకు పడిపోతుంది. దగ్గర నిలబడి చూసిన యజమానికి "వెలుగుతోంది కదా" అనిపిస్తుంది. వెనక నుంచి కారులో వచ్చేవాడి కంటికి అది లేనట్టే.

ఇక్కడే ఆటోనగర్ చుట్టుపక్కల ప్రత్యేకంగా ఎదురయ్యే చిక్కు ఒకటుంది. ట్రాక్టరు కరెంటు 12 వోల్టులు. లారీలు, కంటైనర్ ట్రైలర్లు 24. రెండు రకాల బల్బులూ ఒకే షాపులో, ఒకే ఆకారంలో, ఒకే డబ్బాలో దొరుకుతాయి. 24 వోల్టుల బల్బు ట్రాక్టరు ట్రాలీకి పెడితే చక్కగా అమరుతుంది, మసకగా వెలుగుతుంది. ఆ మసకకు కారణం వెతుకుతూ వైరింగంతా విప్పిన బండ్లు ఎన్నో. బల్బు మూతి మీద అచ్చు గుద్ది ఉంటుంది, చదివితే చాలు. తలకిందులైన కేసు సులువే: 12 వోల్టులది లారీకి పెడితే క్షణంలో కాలిపోయి తన తప్పు తనే చెబుతుంది.

ప్లగ్గు లేని పెళ్లి

ట్రాక్టరుకూ ట్రాలీకీ కరెంటు సంబంధం ఏడు పిన్నుల ప్లగ్గు, సాకెట్టుతో కలవాలి. 12 వోల్టుల బండ్లకు ఐఎస్‌ఓ 1724, 24 వోల్టుల వాటికి ఐఎస్‌ఓ 1185 అని అంతర్జాతీయ ప్రమాణాలున్నాయి. రెండింటిలోనూ పిన్నులు ఏడే, వరసలు మాత్రం వేరు. 12 వోల్టుల ప్లగ్గులో ఎర్త్ 3వ పిన్ను, 24 వోల్టుల దానిలో 1వ పిన్ను. 12లో 1వ పిన్ను ఎడమ ఇండికేటరు. ఒక వరస గుర్తు పెట్టుకున్న మెకానిక్కు దానితోనే రెండోది కూడా కడితే ఎర్త్ పోయి ఇండికేటర్లో కూర్చుంటుంది. పిన్ను పక్కన చిన్న అంకె చెక్కి ఉంటుంది. వైరు రంగును నమ్మకుండా ఆ అంకెను నమ్మాలి. మూడు రిపేర్లు చూసిన ట్రాలీలో వైర్లన్నీ ఒకే రంగులో ఉంటాయి, అప్పుడు దొరికిన చుట్టలోంచి కోసినవి కాబట్టి.

ఇది ప్లగ్గు ఉన్న బండి సంగతి. చాలా ట్రాలీలకు ప్లగ్గే ఉండదు. రెండు వైర్లు వేలాడుతుంటాయి, పొద్దున ముడేస్తారు, రాత్రి పీకేస్తారు. పైన టేపు. ఆషాఢం దాటి రెండు వానలు పడేసరికి టేపు జారి, ముడిలోకి నీళ్లు దిగి, చిలుం వైరు లోపల్లోపలే జానెడు దూరం పాకుతుంది. అప్పుడు కొత్త ముడి వేసినా ప్రయోజనం లేదు. రాగి ఎర్రగా కనపడేదాకా కోసుకుంటూ పోవాలి. ముడి బదులు సోల్డరు పెట్టి, పైన హీట్ ష్రింక్ ట్యూబు తొడిగితే ఏళ్ల తరబడి నిలుస్తుంది. ట్యూబు ఖరీదు టీ ఖరీదంత.

వెతికే వరస కూడా ప్లగ్గు దగ్గరే మొదలవ్వాలి. ట్రాలీ వదిలేసి, ట్రాక్టరు సాకెట్టులో ఒక్కో పిన్నుకూ టెస్ట్ ల్యాంపు పెట్టి చూస్తే దోషం ముందు బండిదా, వెనక బండిదా అన్నది తేలిపోతుంది. సాకెట్టు దాకా అన్నీ వస్తే ట్రాక్టరు నిర్దోషి. ఇక వెనక వైరింగులో ఒక చివర నుంచి వెతుక్కుంటూ పోకుండా నడిమధ్య ఒక చోట చూడాలి. అక్కడికి కరెంటు వస్తే వెనక సగం, రాకపోతే ముందు సగం. ఇలా సగం సగం చేసుకుంటూ పోతే ఎంత పొడవు ట్రైలరైనా నాలుగైదు చోట్లతో పని తీరుతుంది. బండి కిందికి దూరే ముందు తాళంచెవి తీసి జేబులో వేసుకోవాలి, చక్రాలకు రాళ్లు పెట్టాలి.

లైటు వెలిగినా కనపడనివి ఉన్నాయి. వరిగడ్డి, పత్తి లోడు డాలా దాటి వేలాడి లైట్లను కప్పేస్తుంది. డాలా కిందికి పడినప్పుడల్లా లైటు అద్దం పగులుతుంది. అద్దం పోయాక బల్బు తెల్లగా వెలుగుతుంటే అది ఇంకా ప్రమాదం: వెనక వచ్చేవాడు ఎదురుగా వస్తున్న బండి అనుకుంటాడు. అందుకే లైటును డాలా తగలని చోట, చాసిస్‌కు, ఇనుప గూడు కట్టి బిగించాలి. గూడు అడుగున అగ్గిపుల్ల పట్టేంత రంధ్రం ఉంటే వాన నీళ్లు దిగిపోతాయి. రంధ్రం పైన పెట్టిన మహానుభావులూ ఉన్నారు.

ఎల్‌ఈడీ లైట్ల వల్ల సగం బాధలు తగ్గాయన్నది నిజం. గుంతల్లో ఫిలమెంటు తెగే గొడవ లేదు, ఆయుష్షు ఎక్కువ, కరెంటు తక్కువ. ఆ తక్కువ కరెంటు వల్లే చెడ్డ ఎర్త్ మీద కూడా కొంతకాలం నెట్టుకొస్తాయి. ప్లస్ మైనస్ తారుమారైతే మాత్రం అసలు వెలగవు. ఫిలమెంటు బల్బుకు ఆ పట్టింపు లేదు కాబట్టి పాత చేతులు ఇక్కడ తడబడతాయి.

డాలస్‌లోనూ అదే ఎర్త్

దిల్‌సుఖ్‌నగర్ హాస్టళ్లలో ఉండి చదివి అమెరికా వెళ్లిన పిల్లలకు ఈ సమస్య ఇంకో వేషంలో ఎదురవుతుంది. ఉద్యోగం మారి ఊరు మారేటప్పుడు 1945 నుంచి నడుస్తున్న యూ-హాల్ లాంటి కంపెనీ దగ్గర ట్రైలరు అద్దెకు తీసుకుని సొంత కారుకు తగిలిస్తారు. అక్కడ చిన్న ట్రైలర్లకు నాలుగు వైర్ల చదును ప్లగ్గు: తెలుపు ఎర్త్, గోధుమ రంగు టెయిల్, పసుపు ఎడమ, ఆకుపచ్చ కుడి. బ్రేకుకు విడిగా వైరు లేదు. ఎడమ కుడి బల్బులే బ్రేకుకూ పనిచేస్తాయి. ఇండికేటరు విడిగా నారింజ రంగులో ఉన్న కార్లకు మధ్యలో కన్వర్టరు పెట్టాలి. అది పోతే ఇండికేటరు, బ్రేకు రెండూ పోతాయి. కన్వర్టరు బాగున్నా లైట్లు మిణుకుతుంటే అక్కడి మెకానిక్కు ముందు పట్టుకునేది తెల్ల వైరునే.

నెమ్మదిగా పోయే వ్యవసాయ బండ్ల కోసం ఒహాయో స్టేట్ యూనివర్సిటీలో 1960ల్లో తయారైన నారింజ త్రికోణం ఆ దేశపు పల్లె రోడ్ల మీద ట్రాక్టర్ల వెనక కనపడుతుంది. దానికి కరెంటు అక్కర్లేదు. పగలు రంగుతో, రాత్రి అంచుల ఎరుపు మెరుపుతో బండి ఉందని చెబుతుంది. మన దగ్గర దానికి దగ్గరి చుట్టం రిఫ్లెక్టరు, రిఫ్లెక్టివ్ టేపు. 104వ నిబంధన కింద వెనక ఎరుపు, ముందు తెలుపు, పక్కల పసుపు. టేపు ఎర్త్ అడగదు, ఫ్యూజు అడగదు. బురద తుడవమని మాత్రం అడుగుతుంది. లైటుకు అది బదులు కాదు. హెడ్‌లైటు పడితేనే మెరుస్తుంది, బ్రేకు వేశారని చెప్పలేదు. అయినా అన్నీ ఫెయిలైన రాత్రి చివరికి మిగిలేది అదే.

ఎవరి బండి?

ఇంత చవకైన, ఇంత తేలికైన పని ఎందుకు జరగదు? నిర్లక్ష్యం అనేయడం సులువు. అసలు కారణం ట్రాలీకి యజమాని ఒక్కడు కాకపోవడం. ట్రాక్టరు ఒకరిది, ట్రాలీ ఇంకొకరిది, డ్రైవరు రోజుకూలీ, లోడు మేస్త్రీది. ట్రాక్టరు యజమాని సాకెట్టు దాకా చూసుకుంటాడు. ట్రాలీ యజమాని టైర్లు, హుక్కు, హైడ్రాలిక్ చూసుకుంటాడు, ఎందుకంటే అవి పోతే అద్దె ఆగుతుంది. లైటు పోతే అద్దె ఆగదు. రెండింటి మధ్య వేలాడే ఆ జానెడు వైరు ఎవరిదీ కాదు. పైగా లైటు వెలగనిది ట్రాలీ వెనక, డ్రైవరు కూర్చునేది ట్రాక్టరు ముందు. అతనికి అది జీవితంలో కనపడదు. పక్కన ఇంకో మనిషి ఉండి వెనక నిలబడి "లెఫ్ట్... రైట్... బ్రేక్" అని చెబితే తప్ప పరీక్ష పూర్తికాదు. ఆ రెండో మనిషి కూలీ ఎవరూ ఇవ్వరు.

పోలీసు చలానా దీన్ని బాగుచేస్తుందని నాకు నమ్మకం లేదు. చలానా పడేది వెలుతురున్న కూడళ్లలో, ప్రమాదం జరిగేది చీకట్లో. లోడు దింపించుకునేవాళ్ల చేతిలో అంతకన్నా ఎక్కువ బలం ఉంది. ట్యాంకరుకు డబ్బులిచ్చేది మీరు, ఇసుకకు ఇచ్చేది మీరు, మిల్లరుకు అడ్వాన్సు ఇచ్చేది మీరు. ఈసారి మీ గేటు ముందు ట్రాలీ ఆగినప్పుడు డ్రైవరును బ్రేకు తొక్కమనండి, రెండు ఇండికేటర్లూ వేయమనండి, వెనక నిలబడి చూసి ఏది వెలిగిందో, ఏది వెలగలేదో అతనికి చెప్పండి. వెలగకపోతే ఎర్త్ చూపించుకుని రమ్మని, మళ్లీ లోడు అప్పుడేనని గట్టిగా అనండి.